ఇంట్లో గొలుసు కవచం చేసుకోవడం: తీగ కొనే దగ్గర్నుంచి తొడుక్కునే దాకా

మధ్యయుగాల సైనికులు తొడుక్కున్న ఇనుప రింగుల కవచాన్ని ఇంట్లో చేసుకోవడం ఎలా అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ప్రశ్నలు కూడా ఇంచుమించు ఒకటే. ఏ తీగ కొనాలి? రింగులు ఎందుకు విడిపోతున్నాయి? సగం అల్లాక కవచం ఒక పక్కకి ఎందుకు లాగేస్తోంది? విడివిడిగా జవాబిస్తే ఎవరి పనీ ముందుకు సాగడం లేదు. అందుకే మొదటి నుంచి వరసగా రాస్తున్నాను. సామాను విజయవాడ, గుంటూరుల్లో దొరికేదే.

చాలామంది అల్లికను చూసి భయపడతారు. అల్లిక ఒక్క సాయంత్రంలో చేతికి వస్తుంది. అసలు పనంతా రింగు మూయడంలో ఉంది. వేల రింగుల్లో ప్రతి ఒక్కటీ గోటికి తగలకుండా మూసుకోవాలి. ఆ ఓపిక ఉందనుకుంటేనే తీగ కొనండి.

ఈ కవచం ప్రదర్శనకు, నాటకానికి, చదువుకోవడానికి. దీన్ని నమ్ముకుని దెబ్బలు కాచుకోవద్దు.

1. ముందు ఏం చేస్తారో తేల్చుకోండి

చాలామంది శిరస్త్రాణంతో మొదలుపెడదామంటారు. వద్దు. రేకును గిన్నెలా వంచడానికి దాగలి, రకరకాల సుత్తులు, వేడి కావాలి. అపార్ట్‌మెంటులో ఆ చప్పుడుకి పక్కవాళ్ళు ఊరుకోరు. రింగుల పనికి రెండు పట్టకార్లు, ఒక కుర్చీ, మంచి వెలుతురు చాలు.

ఈ వరసలో వెళ్ళండి:

- 10 సెం.మీ. చదరపు నమూనా ముక్క. ఇది తప్పనిసరి.
- చేతుల్లేని బనీను తరహా కవచం.
- ఆ తర్వాతే చేతులు, తలకు తొడిగే గొలుసు టోపీ, రేకులు.

ఇంకో నిర్ణయం కూడా ముందే తీసుకోవాలి. రింగు అంచులు రెండూ ఆనించి మూయడం ఒక పద్ధతి, అంచులు ఒకదాని మీద ఒకటి వేసి చిన్న మేకులాంటి రివిట్ కొట్టడం ఇంకో పద్ధతి. మధ్యయుగపు ఐరోపా కవచాల్లో రివిట్ కొట్టిన రింగులే ఉంటాయి. కొన్నిటిలో ఒక వరస రివిట్ రింగులైతే పక్క వరస అతుకు కనిపించని పూర్తి రింగులు. మన దేశంలో 18, 19 శతాబ్దాల కవచాల్లో మాత్రం ఆనించి మూసినవి కూడా కనిపిస్తాయి. మొదటి కవచానికి ఆనించే పద్ధతే సరి. చూసినవాళ్ళు అడిగితే అది ఏ పద్ధతో నిజం చెప్పండి, అంతే.

కవచం ఆయుధం కాదు. కానీ అది పూర్తయ్యేసరికి పక్కన ఒక కత్తి కూడా ఉండాలనిపిస్తుంది. 2016 ఆయుధ నిబంధనల జాబితాలో ఖడ్గాలు, బాకులు, ఈటెలు ఉన్నాయి. ఇంటి పనికో పొలం పనికో కాకుండా 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగు ఉన్నవి కూడా అందులోకే వస్తాయి. ఫొటో కోసమైతే చెక్క కత్తి చేయించుకోండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి మరీ తేలిక, కత్తి పట్టుకున్నట్టే ఉండదు. వడ్రంగిని అడిగితే టేకు ముక్క ఇస్తాడు.

2. చూసి నేర్చుకోవడం

తీగ కొనకముందే పాత కవచాన్ని దగ్గరగా చూడండి. విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, అక్కడి పాత ఆయుధాలు, కవచాల దగ్గర కాసేపు నిలబడండి. హైదరాబాద్ వెళ్ళే పని పడితే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి సగం రోజు కేటాయించండి. ఫొటోలు తీయొచ్చా లేదా అని ముందు కౌంటరులో అడగండి.

ఇంట్లో కూర్చుని చూడాలంటే న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం మంచి దారి. కాపీరైటు లేని తమ వస్తువుల ఫొటోలను 2017 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోనిస్తున్నారు. పెద్ద సైజులో తెరిస్తే ఒక్కో రివిట్ కనిపిస్తుంది. దక్కను కవచాలు వెతికితే మన ఆదోని పేరు కూడా తగులుతుంది. 17వ శతాబ్దం చివర్లో ఆదోని మొగలుల చేతికి చిక్కినప్పుడు అక్కడి కవచాలు బికనీర్ ఆయుధాగారానికి చేరాయి. రింగుల మధ్య రేకులు కూర్చిన ఆ చొక్కాలు మీ రెండో ప్రాజెక్టుకు పనికొస్తాయి.

ఊరికే చూసి వచ్చేయకండి. చిన్న నోట్‌బుక్కులో ఇవి రాసుకోండి:

- తీగ గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా?
- రివిట్ ఉందా? ఉంటే తల ఏ వైపు ఉంది?
- వరసలు ఒంటి చుట్టూ అడ్డంగా వెళ్తున్నాయా, నిలువుగానా?
- ఛాతీ దగ్గర, చేతుల దగ్గర, కింది అంచు దగ్గర రింగు సైజు ఒకటేనా?
- కింది అంచులో ఇత్తడి రింగులు ఉన్నాయా?
- మెడ దగ్గర కోత ఎలా ఉంది, ఎక్కడ తెరుచుకుంటుంది?

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. తర్వాత ఏడ్చేదీ దాని దగ్గరే. ఎనిమిదో మెట్టులో దాని సంగతి చూద్దాం.

3. తీగ ఎంపిక, రింగు లెక్క

మన కొట్లలో తీగను గేజ్ నంబరుతో అమ్ముతారు. నంబరు పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. 14 గేజ్ అంటే సుమారు 2.03 మి.మీ., 16 గేజ్ 1.63, 18 గేజ్ 1.22. కొట్టువాడు చెప్పిన నంబరును నమ్మేసి రాకండి, వెర్నియర్ అనే కొలత పనిముట్టుతో కొలవండి. ఒక్కోసారి 16 అని 17 ఇస్తారు.

రింగు లోపలి వెడల్పును తీగ మందంతో భాగిస్తే వచ్చే అంకె ముఖ్యం. ప్రతి రింగూ నాలుగింటిని పట్టుకునే నాలుగు రింగుల అల్లికకు అది 4 నుంచి 5.5 మధ్య ఉండాలి. 4 కన్నా బాగా తగ్గితే ముక్క వంగదు. 6 దాటితే వలలా వదులైపోతుంది, రింగులూ సులువుగా సాగిపోతాయి.

తీగను ఒక కడ్డీకి చుట్టి రింగులు చేస్తాం, ఆ కడ్డీ మందమే రింగు లోపలి వెడల్పు. మూడు జతలు చెబుతాను, మూడింటికీ ఆ అంకె 4.9 దగ్గరే వస్తుంది:

- 14 గేజ్ తీగ, 10 మి.మీ. కడ్డీ. పని త్వరగా అవుతుంది, చూపుకి మోటు.
- 16 గేజ్ తీగ, 8 మి.మీ. కడ్డీ. మొదటిసారికి ఇదే.
- 18 గేజ్ తీగ, 6 మి.మీ. కడ్డీ. అందంగా ఉంటుంది, కానీ రింగుల సంఖ్య దాదాపు రెట్టింపు.

ఇక రకం. పందిళ్ళకు, కంచెలకు వాడే జీఐ తీగ మొదటి కవచానికి బాగుంటుంది. జింకు పూత వల్ల తుప్పు ఆలస్యంగా పడుతుంది. విజయవాడ వన్‌టౌన్ ఇనుప కొట్లలో, గుంటూరు హార్డ్‌వేర్ షాపుల్లో చుట్టల లెక్కన దొరుకుతుంది. సెంట్రింగ్ పనిలో ఇనుప కడ్డీలు కట్టే నల్ల బైండింగ్ వైరు వద్దు, అది మరీ మెత్తన. మూసిన రింగు సొంత బరువుకే తెరుచుకుంటుంది. గట్టిగా ఉండే హెచ్‌బీ (హార్డ్ బ్రైట్) వైరు దొరికితే ఇంకా మంచిదే, కాకపోతే పూత ఉండదు కాబట్టి నూనె పని మీ నెత్తిన పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మణికట్టును చంపేస్తుంది. స్ప్రింగ్ తీగ జోలికి అసలు పోవద్దు, కట్టర్ పళ్ళు ఊడతాయి. స్కూలు నాటకంలో పిల్లలకైతే అల్యూమినియం చాలు.

ఎంత కొనాలి? 16 గేజ్ తీగ కిలోకి సుమారు 61 మీటర్లు. 8 మి.మీ. రింగు ఒక్కోటి అర గ్రాము, అంటే కిలోకి రెండు వేల రింగులు. మీ నమూనా ముక్కను వేలాడదీసి, 10 సెం.మీ. చదరంలో ఎన్ని రింగులు పట్టాయో లెక్కపెట్టండి. ఉదాహరణకు వంద పట్టాయనుకుందాం. 7,000 చదరపు సెం.మీ. బనీనుకు 7,000 రింగులు, అంటే మూడున్నర కిలోలు. పాడయ్యేవి, సరిపడక తీసేసేవి ఉంటాయి కాబట్టి ఐదు కిలోలు ఒకేసారి, ఒకే చుట్టలోంచి కొనండి. మధ్యలో ఇంకో కొట్టులో కొంటే రంగు తేడా దూరం నుంచే కనిపిస్తుంది.

4. పనిముట్లు

- 8 మి.మీ. నున్నటి ఇనుప కడ్డీ, రెండడుగులు. ఇల్లు కట్టడానికి వాడే కడ్డీకి గాట్లు ఉంటాయి, అది పనికిరాదు. ప్లెయిన్ రాడ్ అని అడగండి.
- రెండు పట్టకార్లు, ఒకే సైజువి. ముక్కుల్లో పళ్ళు లేకపోతే మేలు. ఉంటే ఆకురాయితో నునుపు చేయండి.
- కత్తిరించడానికి చిన్న బోల్టు కట్టర్ లేదా మంచి రేకు కత్తెర.
- కళ్ళద్దాలు. ఇది సలహా కాదు, షరతు.
- మూత ఉన్న మూడు డబ్బాలు: తెరిచిన రింగులకు, మూసినవాటికి, చెత్తకు.
- ముదురు రంగు గుడ్డ పరిచిన పళ్ళెం.

కడ్డీ ఒక చివర పిడిలా వంచించి, ఇంకో చివర తీగ దూరేంత బెజ్జం పెట్టించాలి. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా టీ తాగి వచ్చేలోపు చేసిచ్చేస్తారు. విజయవాడలోనైనా, గుంటూరులోనైనా అక్కడి మేస్త్రులకు ఇదేం వింత పని కాదు. ఎందుకని అడిగి, కవచమని చెప్పగానే నవ్వుతారు. రెండోసారి వెళ్ళేసరికి "ఎంతవరకు వచ్చింది?" అని వాళ్ళే అడుగుతారు.

5. తీగ చుట్టడం

రెండు చెక్కముక్కలకు బెజ్జాలు పెట్టి ఒక పలకకు బిగించండి. కడ్డీ ఆ బెజ్జాల్లో తిరగాలి. తీగ చివరను కడ్డీ బెజ్జంలో దూర్చి, పిడి తిప్పుతూ చుట్టండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. 30 సెం.మీ. పొడవు చుట్టితే 180 రింగుల పైన వస్తాయి.

తీగను ఎడమచేత్తో తోలు ముక్క అడ్డం పెట్టి బిగువుగా పట్టండి. చివరి చుట్టు దగ్గర జాగ్రత్త. తీగ వదలగానే కొస గిర్రున తిరిగి కొడుతుంది. కళ్ళద్దాలు అందుకే.

డ్రిల్లు మిషన్‌తో చుట్టేవాళ్ళూ ఉన్నారు. అలాగైతే అతి తక్కువ వేగంలో పెట్టండి, చేతికి గ్లౌజులు వద్దు. తిరిగే కడ్డీకి గ్లౌజు చిక్కితే వేలు కూడా పోతుంది.

కడ్డీ మీంచి తీశాక చుట్ట కాస్త వదులవుతుంది, రింగు 8 కన్నా కొంచెం పెద్దగా వస్తుంది. అది మామూలే.

6. కత్తిరించడం

చుట్టను పొడవునా ఒకే గీత మీద, ఒక్కొక్క రింగు చొప్పున కత్తిరించండి. మామూలు కటింగ్ ప్లయర్ తీగను రెండు వైపులా నొక్కి తెంపుతుంది. అంచు గుడిసె కప్పులా మొన తేలుతుంది, ఆ మొనలు రెండూ ఎంత ఆనించినా మధ్యలో సందు ఉంటుంది. రేకు కత్తెర కోతే అంతకన్నా చదునుగా వస్తుంది. ఇంకా బాగా రావాలంటే నగల పనివాళ్ళు వాడే సన్న రంపం వాడాలి, కానీ వేల రింగులకు అది జరిగే పని కాదు. ఇత్తడి అంచు రింగులకు మాత్రం వాడండి.

కోసిన రింగుల్ని పాత గుడ్డ సంచిలో వేసి, పిడికెడు వరి ఊకతో కాసేపు కుదపండి. నూనె, జిడ్డు, నల్ల మసి వదులుతాయి.

7. రింగు మూయడం

ఇక్కడ తొందరపడితే మిగతా అన్ని మెట్లూ దండగే.

రింగును ఎప్పుడూ విడదీసి తెరవకూడదు. గుండ్రం పోతుంది. అంచులు ఒకటి మీ వైపు, ఒకటి అవతలి వైపు వచ్చేలా పక్కకి తిప్పాలి. మూసేటప్పుడూ అంతే, పక్క నుంచే.

సందు పైకి, గడియారంలో పన్నెండు దగ్గర ఉండేలా పట్టుకోండి. ఒక పట్టకారు పదింటి దగ్గర, ఇంకోటి రెండింటి దగ్గర. అంచుల్ని లోపలికి కొద్దిగా నొక్కుతూ, ఒకదాన్ని దాటించి మరీ పక్కకి తిప్పండి. వెంటనే వెనక్కి తీసుకురండి. ఇలా దాటించి తేవడం ముఖ్యం. తీగకు వెనక్కి పోయే గుణం ఉంటుంది, సరిగ్గా మధ్యలో ఆపితే చెయ్యి తీయగానే సందు తెరుచుకుంటుంది. అంచులు ఒకదాన్నొకటి రాసుకుంటూ కిర్రుమంటే సరిగ్గా పడినట్టు.

మూడు పరీక్షలు పెట్టుకోండి:

- గోరు: అతుకు మీద గోరు గీస్తే ఎక్కడా ఆగకూడదు.
- వెలుతురు: లైటు వైపు పెడితే సందులోంచి గీతలా వెలుగు కనిపించకూడదు.
- గుడ్డ: అల్లిన ముక్క మీద పాత నైలాన్ చున్నీ లాగండి. పోగు చిక్కిన చోట రింగు మళ్ళీ మూయాలి.

నమూనా ముక్కలో అన్ని రింగులకూ మూడు పరీక్షలూ చేయండి. తర్వాత గుడ్డ పరీక్ష చాలు.

మొదట్లో టీవీ చూస్తూ చేయొద్దు. చేతికి అలవాటయ్యాక క్రికెట్ మ్యాచ్‌ను మించిన తోడు లేదు. మోచేతులు బల్లకు ఆనించి కూర్చోండి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయండి. నొప్పితో మూసిన రింగులు మర్నాడు మళ్ళీ మూయాల్సి వస్తుంది. జీఐ తీగతో పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నానికి కూర్చోండి. తీగ గుచ్చుకోవడం ఎలాగూ జరుగుతుంది, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

8. అల్లిక

ప్రతి రింగూ నాలుగు రింగుల్ని పట్టుకుంటుంది. అందుకే దీన్ని నాలుగు రింగుల అల్లిక అంటున్నాను.

మొదటి అడుగు: నాలుగు రింగులు మూసేయండి. ఒక తెరిచిన రింగులో ఆ నాలుగూ వేసి దాన్నీ మూయండి. ఇది ఐదు రింగుల గుత్తి. ఇలాంటివి ముందే ఒక డబ్బా నిండా చేసి పెట్టుకోండి.

రెండో అడుగు: గుత్తిని బల్ల మీద పరిస్తే పైన రెండు, మధ్యలో ఒకటి, కింద రెండు ఉంటాయి. ఇంకో గుత్తిని దాని కింద అలాగే పెట్టండి. కొత్త తెరిచిన రింగును మొదటి గుత్తి కింది రెండింటిలోంచి, రెండో గుత్తి పై రెండింటిలోంచి దూర్చి మూయండి. ఇలా కలుపుకుంటూ పోతే మూడు వరసల వెడల్పున్న పట్టీ వస్తుంది.

మూడో అడుగు: పట్టీని అడ్డంగా పరిచి చూడండి. ఒక వరసలో రింగులన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి, పక్క వరస ఎదురు వైపు వాలుతుంది. రెండు పట్టీలు కలపాలంటే, ఎదురెదురుగా ఉన్న అంచు వరసలు రెండూ ఒకే వైపు వాలాలి. వాలకపోతే ఒక పట్టీని అలాగే బల్ల మీద ఉంచి, తల వైపు కాళ్ళ వైపుకి తిప్పండి. సరిపోతుంది. అప్పుడు కొత్త రింగు పై పట్టీ అంచులోని రెండింటినీ, కింది పట్టీ అంచులోని రెండింటినీ పట్టుకుంటుంది.

వాలు చూసుకోకుండా కలపడమే అందరూ చేసే పెద్ద తప్పు. కలిపినప్పుడు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నాలుగు వరసలయ్యాక ముక్క మెలి తిరుగుతుంది.

ఇప్పుడు రెండో మెట్టులో వదిలేసిన మూడో ప్రశ్న సంగతి: వరసలు ఏ దిక్కున ఉండాలి? నమూనా ముక్కను వరసలు అడ్డంగా ఉండేలా పట్టి వేలాడదీయండి. రింగులు దగ్గరికి జరిగి ముక్క నిలువుగా సాగుతుంది. ఇప్పుడు పక్కకి తిప్పి వేలాడదీయండి, రింగులు విడిపోయి కన్నాలు పడతాయి. ఒంటికి మొదటిదే కావాలి. వరసలు నడుము చుట్టూ అడ్డంగా తిరగాలి. అప్పుడే కవచం ఒంటిని అంటిపెట్టుకుంటుంది, ఊపిరి పీల్చినప్పుడు అడ్డంగా సాగుతుంది.

9. కొలతలు, ముక్కలు కలపడం

కొలతలు చొక్కా మీద కాదు, లోపల వేసుకునే బొంత కోటు మీద తీయండి. కాబట్టి పదో మెట్టు చదివి, ముందు ఆ కోటు కుట్టించుకోండి. ఛాతీ చుట్టుకొలతకు 15 నుంచి 20 సెం.మీ. కలపండి. ఇది దర్జీ బట్ట కాదు, బొత్తాలు ఉండవు. తల మీదుగా దూరి, తల మీదుగానే రావాలి.

ముందు భాగం, వెనక భాగం రెండు దీర్ఘచతురస్రాలుగా అల్లండి. భుజాల దగ్గర రెండు పట్టీలు పైకి పెంచండి, మధ్యలో మెడ ఖాళీ. ముందు పట్టీని వెనక పట్టీతో భుజం మీద ఒక వరసతో కలపండి. ఇక్కడ కూడా వాలు చూడాలి. పక్కల్లో చంక కింద నుంచి నడుము దాకా ముందు వరసను వెనక వరసతో, వరసకి వరస కలుపుతూ రండి. రెండు వైపులా వరసల సంఖ్య సమానంగా ఉంటే అతుకు కనిపించదు.

ముక్కను బల్ల మీద పరిచి కొలవకండి. హ్యాంగరుకో కర్రకో వేలాడదీసి కొలవండి. బల్ల మీద సరిపోయింది ఒంటి మీద బిగుసుకుంటుంది.

నడుము కింద గేరా కావాలంటే వరసలో అక్కడక్కడా ఒక రింగు ఎక్కువ వేయాలి. ఆ ఎక్కువ రింగు పై వరసలో ఒక్క రింగునే పట్టుకుంటుంది. తర్వాతి వరసలో దాన్ని మామూలు రింగులాగే లెక్కలోకి తీసుకోండి. తగ్గించాలంటే ఒక రింగును పై వరసలోని మూడింటిలో దూర్చండి. పెంచేవి ఒకే చోట గుంపుగా వేయకుండా వరసంతా పరచండి, లేకపోతే ఆ చోట ఉబ్బుతుంది.

10. లోపలి బొంత కోటు

కవచం ఒక్కటే వేసుకుంటే భుజాలు కోసుకుపోతాయి. నిజమైన సైనికులు కూడా కింద దళసరి గుడ్డ తొడుక్కునేవాళ్ళు. పత్తికి పేరున్న గుంటూరు పక్కనే ఉండి దీనికి ఫోమ్ వాడటం నాకు నచ్చదు.

బొంతలు కుట్టేవాళ్ళ దగ్గరికి మీ పాత చొక్కా ఒకటి తీసుకెళ్ళండి. పైన, కింద దళసరి నూలు గుడ్డ, మధ్యలో పల్చగా దూది, నాలుగైదు సెం.మీ. ఎడంతో నిలువు కుట్లు. చేతులు వద్దు. భుజాల దగ్గర మాత్రం రెండు పొరలు అడగండి. పాలిస్టర్ వేస్తే చెమట ఆరదు.

పైన నడుముకు వెడల్పు తోలు బెల్టు కట్టి, కవచాన్ని బెల్టు మీదికి కాస్త లాగి వదలండి. సగం బరువు భుజాల మీంచి నడుముకి దిగుతుంది. రోహిణి కార్తెలో మాత్రం ఇదంతా వేసుకుని బయటికి రావొద్దు. మన ఎండలో ఇనుము చుర్రుమంటుంది, లోపల దూది ఉడికిస్తుంది. ఫొటోలకు మార్గశిరం, పుష్యం మంచి కాలం.

11. తరచూ వచ్చే చిక్కులు

ముక్క మధ్యలో కన్నం కనిపిస్తోంది: ఒక రింగు నాలుగుకి బదులు మూడింటినే పట్టుకుంది. చుట్టూ నాలుగు లెక్కపెట్టండి, దొరుకుతుంది. ఆ రింగు ఒక్కటే విప్పితే చాలు.

అంచు ఏటవాలుగా పోతోంది: ప్రతి వరస చివరా ఒక రింగు మరిచిపోతున్నారు. ప్రతి ఐదో వరసకి రంగు దారం ముడేసి, రింగులు లెక్కపెట్టండి.

చంక దగ్గర రింగులు విడిపోతున్నాయి: అక్కడ లాగుడు ఎక్కువ. చంక కోతను నాలుగు వేళ్ళు కిందికి దించండి. ఇంకా విడిపోతుంటే ఆ కాస్త మేర ఒక గేజ్ లావు తీగతో అల్లండి.

చెయ్యి ఎత్తితే మొత్తం కవచం పైకి లేస్తోంది: భుజం పట్టీలు వెడల్పు ఎక్కువయ్యాయి. బయటి వైపు నుంచి రెండు మూడు నిలువు వరుసల రింగులు తీసేయండి.

రింగు మూయగా మూయగా విరిగింది: ఒకే రింగును చాలాసార్లు వంచారు. రెండుసార్లు తిప్పాక కుదరకపోతే చెత్త డబ్బాలో వేయండి, అర గ్రాము తీగకి లోభం వద్దు.

12. తుప్పు, భద్రపరచడం

కృష్ణ ఒడ్డున వానాకాలం గాలే చాలు, పూత లేని ఇనుముకి రెండు వారాల్లో ఎర్ర చుక్కలు పడతాయి. చెమట ఇంకా వేగంగా తినేస్తుంది. తొడిగిన రోజే పొడి గుడ్డతో తుడిచి, కుట్టు మిషన్ నూనె గుడ్డకు రాసి దాంతో రుద్దండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురెక్కి కంపు కొడుతుంది.

తుప్పు పట్టిందా, పూత లేని తీగైతే సంచిలో పొడి ఇసుక వేసి కుదపండి. మొండి తుప్పుకి చింతపండు పులుసు పనిచేస్తుంది. తర్వాత వంట సోడా నీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే నూనె. జీఐ తీగకి మాత్రం పులుపు ఏదీ తగలనివ్వకండి, జింకు పూతని తినేస్తుంది.

హ్యాంగరుకి నెలల తరబడి వేలాడదీయకండి, భుజం రింగులు సాగుతాయి. మడిచి, పాత నూలు చీరలో చుట్టి, మూత బిగిసే డబ్బాలో పెట్టండి.

13. తర్వాతి మెట్టు: రివిట్, రేకులు

బనీను పూర్తయ్యాకే ఇటు రండి. రివిట్ రింగులకు పూత లేని మెత్తటి తీగ కావాలి. మొదట వద్దన్న నల్ల బైండింగ్ వైరు ఇక్కడ పనికొస్తుంది. గట్టి తీగైతే చుట్టను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వండి. జీఐ తీగను ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చకండి. జింకు పొగ పీలిస్తే చలి జ్వరం వస్తుంది.

వరస ఇది: రింగు అంచుల్ని నాలుగైదు మి.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి. ఆ చోటును దాగలి మీద సుత్తితో చదును చేయాలి. సన్న పంచ్‌తో బెజ్జం గుచ్చాలి, డ్రిల్లు వాడితే అంచు పల్చనై చీలుతుంది. సన్న తీగ ముక్క దూర్చి రెండు వైపులా తల కొట్టాలి. మొదట విడి రింగు మీద చేయి కుదిరాక, మణికట్టు పట్టీ అంత చిన్న ముక్క అల్లండి. మొత్తం చొక్కా రివిట్ రింగులతో అల్లాలంటే పనిని నెలల్లో కాదు, ఏళ్ళలో లెక్కేసుకోవాలి.

రేకులకు 1.2 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీటు తీసుకోండి. అట్టముక్కలతో ముందు నమూనా కోసి, బనీను మీద పెట్టి, వంగి, కూర్చుని చూసుకోండి. కోత, అంచుల నునుపు ఇంట్లో చేసుకోవచ్చు. ఛాతీ వంపు మాత్రం ఆటోనగర్‌లో కార్ల టింకరింగ్ మేస్త్రి చేతిలో బాగా వస్తుంది. అంచు నుంచి 4 మి.మీ. లోపలికి 3 మి.మీ. బెజ్జాలు, నమూనా ముక్కలో రింగుల ఎడం ఎంతుందో అంతే ఎడంతో పెట్టండి. బెజ్జాల లోపలి గరుకును ఆకురాయితో తీసేయండి, లేకపోతే రింగుల్ని అదే కోస్తుంది. మొదటిసారికి ముందు వైపు రెండు రేకులు చాలు. అవి కూర్చాక బనీను మళ్ళీ తొడిగి, కింద పడ్డ పెన్ను వంగి తీసుకోగలుగుతున్నారో లేదో చూసి, అప్పుడు వెనక రేకులు కోయించండి.